రాక్ క్రాలర్ టైర్లలో ఏ ఫోమ్, ఎక్కడ గాలి రంధ్రం: తిరుపతి, చిత్తూరు బండల మీద నడిపేవాళ్లకు

ఆర్‌సీ క్రాలర్ (రిమోట్‌తో రాళ్ల మీదికి మెల్లగా ఎక్కించే బొమ్మ జీపు) కొన్నవాళ్లు ముందుగా డబ్బు పెట్టేది టైర్ల మీదే. బండితో వచ్చినవి తీసేసి, మెత్తటి రబ్బరున్న మంచి టైర్లు తెప్పించుకుంటారు. లోపల మాత్రం ఆ టైరుతో ఊరికే వచ్చిన పల్చటి ఫోమే ఉంటుంది. తర్వాత ఏటవాలు బండ మీద బండి పక్కకి దొర్లిపోతుంటే షాకులదో, స్టీరింగు తిప్పే సర్వోదో తప్పు అనుకుంటారు. మన ప్రాంతంలో నడిపేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఒకటే. టైరు ఏ కంపెనీదన్నది తర్వాత. లోపల బరువు మోసేది ఏమిటో, గాలి ఎటు పోతుందో ముందు తేల్చుకోండి. ఈ రెంటినీ విడివిడిగా చూడకూడదు. ఫోమ్ మారిస్తే రంధ్రం సంగతి మళ్లీ మొదటి నుంచి చూసుకోవాల్సిందే.

కారు టైర్లో గాలి కొడతాం, బరువంతా గాలే మోస్తుంది. క్రాలర్ టైర్లో గాలి కొట్టం. ఫోమ్ మోయాలి, గాలి అడ్డు తప్పుకోవాలి. చక్రం రాతి అంచు మీదికి ఎక్కగానే లోపలి గాలి బయటికి పోతే రబ్బరు ఆ అంచుని పట్టుకుని వాలిపోతుంది. పోవడానికి దారి లేకపోతే టైరు బంతిలా ఎగిరి పక్కకి జారుతుంది. అంత మెత్తటి రబ్బరుకి డబ్బు పోసి కూడా ఫలితం దక్కదు.

మన రాళ్లు రెండు రకాలు

తిరుమల ఘాట్ రోడ్డు పక్కన కొండ కోతలో రెండు రకాల రాయి ఒకదాని మీద ఒకటి కనబడే చోటు ఉంది. జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించారు దాన్ని. కింద ఉన్నది చాలా పాతదైన ఆర్కియన్ గ్రానైట్, పైన ఉన్నది నగరి క్వార్ట్‌జైట్. ఆ రెండు రాళ్లే మన ఫోమ్ ఎంపికను కూడా నడిపిస్తాయి.

చంద్రగిరి నుంచి చిత్తూరు వైపు వెళ్తుంటే కనబడే గుట్టలన్నీ దాదాపు గ్రానైటే. ఎండకీ వానకీ అంచులు రాలిపోయి గుండ్లుగా మారి ఉంటాయి. పైన గరుకుగా ఉంటుంది కాబట్టి రబ్బరుకి పట్టు బాగానే దొరుకుతుంది. కానీ గుండు మీద అంచంటూ ఉండదు. బండి ఎప్పుడూ ఒక పక్కకి వాలే నడవాలి. ఇక్కడ టైరు పక్క గోడ నిలబడటం ముఖ్యం. వాలు కిందివైపున్న రెండు చక్రాల మీదికి బరువంతా దిగుతుంది, ఫోమ్ మెత్తగా ఉంటే పక్క గోడ రిమ్ము కిందికి మడతపడుతుంది, బండి ఇంకా కిందికి వాలుతుంది. ఆ రెండో వాలుకే బోర్లా పడేది.

క్వార్ట్‌జైట్ అలా కాదు. చతురస్రంగా, పదునైన అంచులతో విరుగుతుంది, విరిగిన ముఖం గట్టిగా నున్నగా ఉంటుంది. అక్కడ బటన్లు (టైరు మీద పైకి లేచి ఉండే రబ్బరు దిమ్మలు) అంచుని పట్టుకుని మెట్టు ఎక్కాలి కాబట్టి టైరు పైపొర బాగా లొంగాలి. గుండ్ల మీద నడిచే సెటప్పు అక్కడ రాయిని పట్టుకోకుండా తడుముకుంటూ ఉంటుంది.

క్వార్ట్‌జైట్ కోసమని శేషాచలం అడవిలోకి మాత్రం బండి పట్టుకుపోకండి. అది రిజర్వు అడవి, 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వు కూడా. తిరుమల కొండ అంతా పవిత్ర స్థలం, అక్కడ ఇలాంటి సరదాలకు చోటు లేదు. చంద్రగిరి కోట రక్షిత కట్టడం, దాని గోడలూ మెట్లూ మన ట్రాక్ కాదు. పొలం ఆసామిని అడిగి గట్టు పక్క గుండ్ల మీద నడపండి, ఎవరూ కాదనరు. చిత్తూరులో ఒక మిత్రుడు గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో మిగిలిన తునకలు తెచ్చి పెరట్లోనే పేర్చుకున్నాడు. పాలిష్ పట్టిన ముఖం పైకి పెడితే, దాని మీద కాసిని నీళ్లు చల్లితే, ఫోమ్ ఎంత బాగున్నా రబ్బరు మెత్తదనమే గెలుస్తుంది. అది పరీక్షకి పనికొచ్చే రాయి కాదు. కోసిన గరుకు ముఖం పైకి పెట్టుకుంటే సరి.

ఫోమ్‌లో ఏవేవి దొరుకుతాయి

టైరుతో వచ్చే ఫోమ్ ఓపెన్ సెల్. అంటే రంధ్రాలన్నీ ఒకదాంట్లోకి ఒకటి తెరుచుకుని ఉంటాయి, గాలీ నీళ్లూ రెండూ దూరతాయి. కొత్తలో బాగానే ఉంటుంది. బండికి బ్యాటరీ, బాడీ, బరువు కోసం ఇత్తడి ముక్కలు చేర్చేకొద్దీ చాలదు. తేలికైన బండికి, ఇంకా నేర్చుకుంటున్నవాళ్లకి ఇదే చాలు; కొన్నాళ్లు నడిపి చూశాకే మార్చండి.

రెండోది డ్యూయల్ స్టేజ్ ఫోమ్. లోపల రిమ్ముని చుట్టుకుని గట్టి క్లోజ్డ్ సెల్ (రంధ్రాలు దేనికది మూసుకుని ఉండే ఫోమ్) వలయం, దాని మీద మెత్తటి ఓపెన్ సెల్ పొర. మామూలు రాయి మీద పై పొర ఒక్కటే లొంగుతుంది. బరువు మీద పడ్డప్పుడు లోపలి వలయం ఇక చాలని ఆపుతుంది. గుండ్ల మీద పక్క వాలుకి కావలసింది సరిగ్గా ఇదే. క్రాలర్ ఇన్నొవేషన్స్ వాళ్ల డ్యూసెస్ వైల్డ్ ఫోములకు ఈ పద్ధతిలో మంచి పేరు. ప్రో-లైన్ కూడా డ్యూయల్ స్టేజ్ అమ్ముతుంది. రెండూ బయటి దేశం నుంచి రావలసినవే, కొరియరూ సుంకమూ కలిపితే ఫోమ్ ధర టైరు ధర దగ్గరికి వెళ్లినా ఆశ్చర్యం లేదు. అయినా టైర్లకా ఫోమ్‌కా అని అడిగితే నేను ఫోమ్‌కే పెట్టమంటాను. మామూలు టైరుకి మంచి ఫోమ్ పెడితే నడుస్తుంది, మంచి టైరుకి చచ్చు ఫోమ్ పెడితే నడవదు.

కొలత విషయంలో ఒక జాగ్రత్త. 1.9 అంగుళాల రిమ్ముకి వచ్చే పెద్ద టైర్లు 4.75 అంగుళాలు, అంటే సుమారు 120 మి.మీ. ఉంటాయి. వాటికి అదే సైజుకని చెప్పిన ఫోమ్ తీసుకోండి. పెద్ద ఫోమ్ ఇరికిస్తే టైరు మధ్యలో ఉబ్బి, నేలకి సన్నటి గీతలా మాత్రమే ఆనుతుంది. చిన్నదైతే లోపల ఖాళీ మిగిలి, చక్రం తిరిగినప్పుడు రబ్బరు ఒక దారి, ఫోమ్ ఒక దారి అవుతాయి. వెడల్పు ఎక్కువైనా ఇబ్బందే, బీడ్ (రిమ్ములో ఇమిడే టైరు అంచు) సరిగ్గా కూర్చోదు.

మూడోది సొంతంగా చేసుకునేది. తిరుపతిలో పరుపుల కొట్లలోనూ, సీటు కవర్లు కుట్టే షాపుల్లోనూ తునకలు అడిగితే ఇస్తారు. వాళ్లు 32 డెన్సిటీ, 40 డెన్సిటీ అని చెబుతారు. అది ఘనమీటరుకి ఎన్ని కిలోలన్న లెక్క, మెత్తదనం లెక్క కాదు. డెన్సిటీ ఎక్కువైతే ఎక్కువ కాలం మన్నుతుంది. గట్టిగా ఉందా లేదా అన్నది వేలితో నొక్కి మీరే చూసుకోవాలి. లోపలి వలయానికి ఏసీ పైపులకు చుట్టే నల్లటి రబ్బరు ఫోమ్ గొట్టం చాలా బాగా కుదురుతుంది. అది క్లోజ్డ్ సెల్, నీళ్లు పీల్చదు, ఏసీ మెకానిక్కుల దగ్గర చిన్న ముక్కలు దొరుకుతాయి. యోగా మ్యాట్ పట్టీగా కోసి రిమ్ముకి చుట్టినా పనిచేస్తుంది. కోసేటప్పుడు కొత్త బ్లేడు వాడండి. వేడి తీగతో కోస్తే పని నున్నగా వస్తుందని కొందరు చెబుతారు, పరుపు ఫోమ్‌కి అది వద్దు. పాలీయురెథేన్ కాలితే వచ్చే పొగ విషం.

పాత ఫోమ్‌లో త్రికోణాలుగా గాట్లు కోసి మెత్తన చేసే పద్ధతి కూడా ఉంది. గాట్లు రిమ్ము వైపు పెట్టండి, బటన్ల వైపు వద్దు. బయటి వైపు గాటు పడితే ఆ చోట బటన్ల కింద ఆసరా పోయి, చక్రం తిరిగిన ప్రతిసారీ ఒక్కో చోట ఒక్కోలా పట్టుకుంటుంది.

మీ బండికి ఎంత గట్టిది కావాలి

ఇది మాటల్లో కంటే వంటింటి డిజిటల్ కాటా మీద బాగా తేలుతుంది. బండిని నడిపే స్థితిలో, అంటే బ్యాటరీ, బాడీ అన్నీ పెట్టి, ఒక చక్రాన్ని కాటా మీద, మిగతా మూడింటిని అదే ఎత్తున్న పుస్తకాల మీద పెట్టండి. నాలుగు చక్రాలకీ ఇలాగే చూడండి. మూడు కిలోల బండి, బరువు ముందు 60 శాతం ఉందనుకుంటే ముందు ఒక్కో చక్రం మీద 900 గ్రాములు, వెనక ఒక్కోదాని మీద 600 గ్రాములు వస్తాయి.

ఇప్పుడు ముందు చక్రం ఊడదీసి కాటా మీద నిలబెట్టి, చేత్తో 900 వచ్చేదాకా నొక్కండి. బటన్లు పరుచుకోవాలి, పక్క గోడ కొద్దిగా ఉబ్బాలి. తర్వాత 1,800 దాకా నొక్కండి, చక్రాన్ని కాస్త పక్కకి వాల్చి. గుండు మీద పక్క వాలులో కిందివైపు చక్రానికి పడే బరువు దాదాపు అంతే. అప్పుడు పక్క గోడ రిమ్ము కిందికి దూరిపోతే ఆ ఫోమ్ మీ బండికి మెత్తన. 900 దగ్గర కూడా ఏమీ కదలకపోతే గట్టి.

నేలకి ఎలా ఆనుతుందో చూడాలంటే ఇంట్లో ముగ్గుపిండి ఉంటే చాలు. నల్లటి చార్టు కాగితం పరిచి, టైరు బటన్లకి పిండి అద్ది, కాటా మీద కాగితం పెట్టి అదే 900 గ్రాముల దాకా నొక్కి తీయండి. అచ్చు వెడల్పంతా పడితే మంచిది. మధ్యలో మాత్రమే పడితే ఫోమ్ పెద్దది, లేదా గట్టిది, లేదా గాలి బయటికి పోవడం లేదు. రెండు అంచులూ పడి మధ్య ఖాళీగా ఉంటే ఫోమ్ చాల్లేదు. ఒక చక్రం చేశాక ఫోమ్ మార్చి మళ్లీ అద్దితే రెండు అచ్చులూ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. ఎవరి మాటా వినాల్సిన పని లేదు.

ఇత్తడి విషయం చాలామంది మరిచిపోతారు. ఇరుసు మీద, చక్రం లోపల వేసిన ఇత్తడి బరువు స్ప్రింగుల మీద పడదు, నిజమే. కానీ ఫోమ్ మీద పడుతుంది. ముందు ఇరుసుకి ఇత్తడి ఎక్కించిన రోజే ముందు ఫోమ్ మళ్లీ కాటా ఎక్కాలి.

ముందూ వెనకా ఒకే ఫోమ్ పెట్టాలా అంటే, నిటారుగా ఎక్కే సరదా ఉన్నవాళ్లు వెనక ఒక మెట్టు గట్టిది పెట్టడం మేలని నా అభిప్రాయం. ఎక్కేటప్పుడు బరువు వెనక్కి జరుగుతుంది. వెనక టైర్లు కుంగితే ముక్కు ఇంకా లేస్తుంది, బండి వెల్లకిలా పడుతుంది. ముందు భారీగా ఇత్తడి ఉంటే తేడా పెట్టకుండా నాలుగూ ఒకటే వేసి మొదలుపెట్టండి.

గాలి రంధ్రం: ఎండాకాలం లెక్క వేరు, వానాకాలం లెక్క వేరు

రంధ్రమే లేకుండా మూసేసిన టైరు నీళ్లలోకి దిగినా లోపల పొడిగా ఉంటుంది. దాని మేలు అంతవరకే. మన ఎండకి అది నిలవదు. 25 డిగ్రీల ఏసీ గదిలో బిగించిన టైరు 45 డిగ్రీల బండ మీదికి చేరితే లోపలి గాలి ఒత్తిడి సుమారు 7 శాతం పెరుగుతుంది. పీడనంలో అది ఒక పీఎస్ఐ. కారు టైరుకి లెక్కే కాదు, అరచేతిలో నలిగిపోయే క్రాలర్ టైరుకి మాత్రం చాలా ఎక్కువ. ఎత్తు ఇంకొక సంగతి. మూసిన టైర్లతో తిరుపతి నుంచి మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్‌కి వెళ్తే, 1,200 మీటర్లకు పైనున్న ఆ ఎత్తులో బయటి గాలి ఒత్తిడి పది శాతానికి పైగా తగ్గుతుంది, టైర్లు ఉబ్బిపోతాయి. పైగా బీడ్‌లాక్ రింగు (బీడ్‌ని రిమ్ముకి స్క్రూలతో బిగించే వలయం) ఎంత బిగించినా పూర్తిగా మూసుకోదు. నాలుగు టైర్లలో ఒక్కోటి ఒక్కోలా గాలి వదులుతుంది, బండి తీరే తెలియకుండా పోతుంది. నేను దీన్ని ఎవరికీ సూచించను.

రిమ్ములో రంధ్రం పెట్టడం మనకి ఎక్కువ కాలం పనికొచ్చే పద్ధతి. చాలా బీడ్‌లాక్ రిమ్ముల్లో చిన్న రంధ్రం ముందే ఉంటుంది. లేకపోతే ఎదురెదురుగా 3 మి.మీ.వి రెండు వేసుకోవాలి. గాలి ఆడుతుంది, దుమ్ము తక్కువ పోతుంది. స్వర్ణముఖి ఎండిన ఇసుకలో, గ్రానైట్ గుట్టల కింద రాలే గరుకు మొరంలో నడిపేవాళ్లకి ఇదే దారి. రంధ్రం మీద లోపలి వైపు పల్చటి ఓపెన్ సెల్ ఫోమ్ ముక్క అంటిస్తే వడపోతలా ఆగుతుంది. లోపం నీళ్ల దగ్గర బయటపడుతుంది. 120 మి.మీ. టైరులో, 1.9 అంగుళాల రిమ్ము అడుగు నేల నుంచి సుమారు 36 మి.మీ. ఎత్తులో ఉంటుంది. అంతకు మించిన లోతుకి దిగితే నీళ్లు లోపలికి వెళ్తాయి, వెళ్లాక బయటికి రావు. రంధ్రం లోపలి అంచున ఉంది, నీళ్లు బయటి అంచున చేరతాయి, మరి. పూర్తిగా నానిన ఓపెన్ సెల్ ఫోమ్ ఒక్కో టైరులో పావు కిలో దాకా నీళ్లు పట్టుకోగలదు. నాలుగింటికీ కిలో. మూడు కిలోల బండికి మోటారూ, సర్వోలూ మోయాల్సిన అదనపు భారం అది. కొందరు కింద బరువు పడితే మంచిదేగా అంటారు. బరువు కావాలంటే ఇత్తడి వేయండి. ఇత్తడి అటూ ఇటూ కదలదు, ఎండితే మాయం కాదు.

బటన్ల మధ్య టైరుకే రంధ్రం కొట్టేది మూడో దారి. నీళ్లు లోపలికి వస్తాయి, కానీ చక్రం తిరుగుతూ రంధ్రం కిందికి వచ్చిన ప్రతిసారీ కారిపోతాయి. వేగంగా తిప్పితే చిమ్ముకుంటూ పోతాయి. తిరుపతి, చిత్తూరుల్లో ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. ఆ నెలల్లో వాగుల్లో, చెరువు కాలవల అంచున నడిపేవాళ్లకి ఇదే మంచిది. దానికి మూల్యం మొరం. గరుకు గింజలు లోపలికి చేరి రబ్బరుకీ ఫోమ్‌కీ మధ్య నలుగుతూ టైరు లోపలి గోడని అరగదీస్తాయి.

కొట్టే పద్ధతిలో ఒక్క విషయం. బ్లేడుతో చీల్చకండి, సూదితో పొడవకండి. చీలిక మూలల నుంచి చిరుగు మొదలవుతుంది, సూది రంధ్రం దానంతటదే మూసుకుపోతుంది. చెప్పులు కుట్టేవాళ్లు వాడే తోలు పంచ్‌తో గుండ్రంగా, 3 లేదా 4 మి.మీ., బటన్ల మధ్య పల్లంలో, టైరు నడిమి గీత మీద, ఎదురెదురుగా రెండు. పక్క గోడకి ఎప్పుడూ వద్దు, అది మడతపడే చోటు. కొట్టాక అరచేత్తో టైరుని గట్టిగా నొక్కి చెవి దగ్గర పెట్టండి. గాలి ఉస్సుమని ఒకేసారి పోవాలి. చేయి తీయగానే టైరు వెంటనే నిండుకోవాలి. మెల్లగా నిండుతుంటే రంధ్రం చిన్నది, లేదా ఫోమ్ దాన్ని కప్పేస్తోంది. గట్టి లోపలి వలయం ఉన్న డ్యూయల్ స్టేజ్ ఫోమ్ పెట్టినప్పుడు రిమ్ము రంధ్రం ఇలా మూసుకుపోవడం తరచూ జరుగుతుంది. వలయానికి లోపలి వైపు చిన్న గాడి కోస్తే గాలి ఆడుతుంది. ఫోమ్ మారిస్తే రంధ్రం చూసుకోమన్నది ఇందుకే.

కాబట్టి రిమ్ము రంధ్రంతో మొదలుపెట్టండి. టైరుకి కొట్టిన రంధ్రం మనసు మారితే పోయేది కాదు. మరీ కావాలంటే లోపలి నుంచి సైకిల్ పంచర్ ప్యాచ్ వేసి మూయవచ్చు, కానీ ఆ చోట టైరు కాస్త బిర్రుగా ఉంటుంది. వాననీళ్లలో తప్పకుండా నడుపుతామనుకున్నవాళ్లు బటన్ల మధ్య కొట్టి, రిమ్ము రంధ్రాన్ని టేపుతో మూయండి. రెండూ తెరిచి ఉంచితే నీళ్లు ఇంకా తొందరగా కారతాయి కానీ మట్టి రెండు దారుల్లోనూ వస్తుంది.

నేనైతే ఏది ఎంచుకుంటానంటే

చంద్రగిరి, చిత్తూరు వైపు గుండ్ల మీద, మూడు కిలోల చుట్టూ బరువున్న 1.9 అంగుళాల బండికి: మధ్యస్థమైన లోపలి వలయం, మెత్తటి పైపొర ఉన్న డ్యూయల్ స్టేజ్, రిమ్ము రంధ్రం. బరువు మూడున్నర దాటితే గట్టి వలయం. పదును అంచుల రాళ్లే ఎక్కువైతే మెత్తటి వలయం, పక్క వాలు మీద కొంత నష్టపోయినా సరే. బడ్జెట్ లేకపోతే ఏసీ పైపు వలయం మీద పరుపు ఫోమ్. కాటా పరీక్ష నెగ్గితే కొన్నదానికి పెద్దగా తీసిపోదు. జిగురు పెట్టి అతికించిన రిమ్ములు మాత్రం వద్దు. ఫోమ్ మార్చాలన్న ప్రతిసారీ టైరు చిరిగే ప్రమాదం ఉంటుంది. ముందు బీడ్‌లాక్ రిమ్ములు, తర్వాత ఫోమ్, ఆ తర్వాతే కొత్త టైర్లు.

యాక్సియల్ ఎస్‌సీఎక్స్24, ట్రాక్సస్ టీఆర్ఎక్స్-4ఎం లాంటి 1 అంగుళం రిమ్ము బుల్లి బండ్లకి ఈ లెక్కలన్నీ అక్కర్లేదు. బరువు చాలా తక్కువ కాబట్టి అక్కడ ఎప్పుడూ సమస్య ఫోమ్ గట్టిగా ఉండటమే. ఉన్నదాన్ని పల్చగా కోసినా, రిమ్ము వైపు గాట్లు పెట్టినా సరిపోతుంది. రంధ్రం ఒకటి, 2 మి.మీ. చాలు.

నీళ్లలో దిగి వచ్చిన రోజు టైర్లు విప్పడానికి బద్ధకించకండి. ఫోమ్‌ని మంచినీళ్లలో జాడించి, మొరం గింజలు పోయాక తువ్వాలులో చుట్టి పిండి, నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే పరుపు ఫోమ్ పసుపు రంగుకి తిరిగి పొడి పొడిగా రాలుతుంది. బండి షెల్ఫులో ఉంచేటప్పుడు ఛాసిస్ కింద చెక్క దిమ్మ పెట్టి చక్రాలు గాలిలో ఉండేలా చూడండి. నెలల తరబడి బరువు మీద నిలబడితే ఫోమ్ ఒక వైపు అణిగిపోయి మళ్లీ లేవదు. అదే జరిగి ఉంటే ముగ్గుపిండి అచ్చులో ఆ వైపు సన్నబడి కనబడుతుంది.